వెబ్ పత్రికకు కథ పంపే ముందు పాత సంచికల్లో ఏం చూడాలి

ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి కొనే మనిషి బస్తా మూతి దగ్గరి కాయ చూసి ధర కట్టడు. చెయ్యి లోపలికి పెట్టి అడుగున ఉన్న కాయ తీస్తాడు, విరుస్తాడు, గింజ చూస్తాడు, అప్పుడు నోరు విప్పుతాడు. వెబ్ పత్రికను కూడా ఆ తీరుగనే చూడాలి. మొదటి పేజీ, ‘రచయితలకు సూచనలు’ పేజీ బస్తా మూతి లాంటివి. అసలు సరుకు పాత సంచికల్లో ఉంటుంది. హన్మకొండలోనో, జమ్మికుంటలోనో, మంచిర్యాలలోనో మొదటి కథ రాసుకున్నవాళ్లు ఆ లోపలి సరుకు చూడకుండానే పంపేస్తుంటారు. కథ తిరిగొస్తే ‘మన యాస వాళ్లకు పట్టలేదు’ అనుకుంటారు. చాలాసార్లు కారణం యాస కాదు. ఆ పత్రిక ఆ పొడుగు కథలే వెయ్యకపోవచ్చు, లేదా మీ ఫైలు వాళ్ల దగ్గర అక్షరాలుగా తెరుచుకోకపోయి ఉండొచ్చు.

మూడు పత్రికలు చాలు

తెలుగులో వెబ్ పత్రికలు నిన్నమొన్నటివి కావు. ‘ఈమాట’ 1998 నుంచి వస్తోంది, దాని పాత సంచికలు ఇప్పటికీ తెరిచి చదువుకోవచ్చు. ‘కౌముది’ నెలనెలా పీడీఎఫ్‌గా వస్తుంది. ‘సారంగ’లో కథ, కవిత, విమర్శ మూడూ ఉంటాయి. ‘విహంగ’, ‘నెచ్చెలి’ స్త్రీల రచనలకు పెద్దపీట వేసే పత్రికలు. ఇవి గాక చిన్నవి, మధ్యలో ఆగిపోయినవి, ఆగి మళ్లీ మొదలైనవి మస్తుగా ఉన్నాయి. అన్నింటినీ ఒకేసారి ముందేసుకుంటే ఏదీ లోతుగా చదవలేరు. మూడింటిని ఎంచుకోండి. ఒకటి చాలా ఏళ్లుగా నడుస్తున్నది, ఒకటి మీరు ఇదివరకే ఇష్టంగా చదువుతున్నది, మూడోది ఈమధ్య మొదలైనది.

ఎంచుకోగానే చివరి సంచిక తేదీ చూడండి. కొన్ని పత్రికల ముఖపేజీ కళకళలాడుతూనే ఉంటుంది, చివరి సంచిక మాత్రం రెండేళ్ల కిందటిది. అలాంటి చిరునామాకు పంపిన కథ ఎవరూ తెరవని పెట్టెలో పడి ఉంటుంది.

సూచిక నుంచి మొదలు

మొదటిరోజు కథలు చదవొద్దు. గత ఆరు సంచికల విషయసూచికలు మాత్రం తెరిచి, ఒక తెల్లకాగితం మీద గీతలు కొట్టి లెక్క రాసుకోండి. ఒక్కో సంచికలో కథలెన్ని, కవితలెన్ని, వ్యాసాలెన్ని, ధారావాహికలూ శీర్షికలూ ఎంత జాగ తీసుకుంటున్నాయి అన్నది ముందు తేలాలి. నెలకు మూడు కథలు వేసే పత్రికలో ఏడాదికి 36 జాగలు. వాటిలో ఎన్ని కొత్తవాళ్లకు దక్కుతున్నాయో తెలుసుకోవడం కష్టమేం కాదు. చాలా సైట్లలో రచయిత పేరు మీద నొక్కితే ఆ పత్రికలో వాళ్లు రాసినవన్నీ వరుసగా కనిపిస్తాయి. ఒక్కటే కనిపిస్తే ఆ రచయిత అక్కడికి కొత్త. ఆరు సంచికల్లో పద్దెనిమిది కథలుంటే అందులో ఐదారు ఇలాంటివైనా ఉంటే తలుపు తెరిచే ఉందని అర్థం. ఒక్కటీ లేకపోతే మీ తొలి కథను అక్కడికి కాక ఇంకో చోటికి పంపండి. మీ కథ తక్కువదని కాదు, అక్కడ వరుస పొడుగ్గా ఉంది.

సంపాదకీయాలు చాలామంది దాటేస్తారు. వాటిని వదలొద్దు. సంపాదకులు దేనికి విసుక్కుంటున్నారో, దేన్ని మెచ్చుకుంటున్నారో సూచనల పేజీలో కన్నా అక్కడ ఎక్కువ బయటపడుతుంది. ఆరు సంపాదకీయాలు చదవడానికి గంట పట్టదు.

రెండోరోజు ఐదు కథలు పూర్తిగా చదవండి. మూడు కొత్త రచయితలవి, రెండు పాతవాళ్లవి. ఒక్కో కథకు నాలుగు సంగతులు రాసుకోవాలి: మొదటి వాక్యం, కథ చెబుతున్నది ఎవరు, ఎక్కడ ఆపారు, ఎన్ని మాటలు. మాటల లెక్కకు కథను కాపీ చేసి వర్డ్ ఫైల్లో అతికిస్తే కింద అంకె కనిపిస్తుంది. ఇంగ్లీషు పత్రికల లెక్కలు ఇక్కడ పనికిరావు. మన దగ్గర ‘లో’, ‘కి’, ‘తో’ అన్నీ మాటకే అతుక్కుని ఉంటాయి కాబట్టి అదే కథ తెలుగులో తక్కువ మాటల్లో తేలుతుంది. సూచనల్లో ‘నిడివికి పరిమితి లేదు’ అని రాసి ఉండి, వచ్చిన ఐదు కథలూ 1,500 నుంచి 2,500 మాటల మధ్యనే ఉన్నాయంటే ఆ పత్రిక పరిమితి మీకు తెలిసిపోయినట్టే. మీది 5,000 మాటలైతే అక్కడికి పంపేముందు ఆగి ఆలోచించండి.

యాసకు జాగ ఎక్కడుంది?

వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి రాసేవాళ్లకు ఇది అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. ‘మాండలికాలకు స్వాగతం’ అని దాదాపు ప్రతి పత్రికా అంటుంది. ఏ మేరకు స్వాగతమో వెతికి చూసుకోవాలి.

గూగుల్ పెట్టెలో ‘సైట్’ అన్న మాటను ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టి, ఆనుకునే కోలన్ పెట్టి, మధ్యలో ఖాళీ వదలకుండా పత్రిక చిరునామా రాయండి. తర్వాత ఒక ఖాళీ వదిలి, జంట కొటేషన్లలో ‘వచ్చిండు’ అని కొట్టండి. ఆ ఒక్క పత్రికలో ఆ మాట ఉన్న పేజీల్లో గూగుల్‌కు దొరికినవి వరుసగా వస్తాయి. ఇదే తీరుగ ‘పోతాండు’, ‘గిట్ల’, ‘ఏమాయె’, ‘అచ్చిండు’ వెతకండి. వెతుకులాటకు మన పలుకు తెలియదు. ‘వచ్చిండు’, ‘వొచ్చిండు’, ‘అచ్చిండు’ మూడూ దానికి మూడు వేరు మాటలు, కాబట్టి విడివిడిగా కొట్టాలి.

దొరికిన పేజీలు తెరిచి ఆ మాట ఎక్కడుందో చూడండి. పాత్రల సంభాషణలో మాత్రమే ఉండి, కథనం అంతా ‘వచ్చాడు, వెళ్లాడు’ అని సాగితే ఆ పత్రికకు అది అలవాటైన పద్ధతి. కథ మొదటి వాక్యం నుంచి చివరిదాకా యాసలోనే ఉన్నవి రెండు మూడు కనిపిస్తే మీ కథను మార్చకుండా పంపొచ్చు. వ్యాసాల్లో ఉదాహరణలుగా తప్ప ఎక్కడా దొరక్కపోతే మాత్రం అక్కడికి పంపినా ఎదురుచూపులే మిగులుతాయి.

మడికొండలో పెరిగిన కవి కాళోజీ భాషను బడిపలుకులు (బడిలో నేర్పేవి), పలుకుబడులు (జనం నోట పలికేవి) అని విడదీసి చెప్పారు. కథ రాసేవాళ్లకు అది నినాదంగా కన్నా కొలతగా ఎక్కువ పనికొస్తుంది. కథనం బడిపలుకుల్లో, మనుషుల మాట పలుకుబడిలో రాయడం ఒక పద్ధతి. రెండూ పలుకుబడిలోనే రాయడం ఇంకో పద్ధతి. ఏదైనా ఫర్వాలేదు. ఒకే పేరాలో ‘అవ్వ లేచి వాకిలూడ్చింది, పెద్దోడు బర్లను తోలుకపోయిండు, చిన్నవాడు నిద్రపోతున్నాడు’ అని మూడు తీర్లుగా పోతే మాత్రం సంపాదకులకు అది యాసలా కనిపించదు, తప్పులా కనిపిస్తుంది. సరిదిద్దేటప్పుడు మొత్తం బడిపలుకుల్లోకి దిద్దేస్తారు, అప్పుడు వాళ్లను అని లాభం లేదు.

దీనికి మందు ఒక అక్షరపట్టిక. కథలో పదేపదే వచ్చే ఇరవై మాటలు తీసి, ఒక్కోదానికి ఒక్క రూపమే ఖాయం చేసుకోండి. ‘దాకా’ను ‘దాంక’ అంటారా ‘దన్క’ అంటారా? ‘తీసుకపో’నా ‘తీస్కపో’నా? ఓరుగల్లు వైపు ‘వస్తడు, చూస్తడు’ అనేది పెద్దపల్లి, కరీంనగర్ పల్లెల్లోకి పోతే ‘అత్తడు, చూత్తడు’ అవుతుంది. కథ ఏ ఊరిదో ఆ ఊరి రూపమే ఉంచాలి. ములుగు అడవిలో మొదలైన అవ్వ నాలుగో పేజీలో మెట్‌పల్లి మాట మాట్లాడితే ఇక్కడి చదువరి టక్కున పట్టేస్తాడు. పట్టిక తయారయ్యాక వర్డ్‌లో ‘వెతుకు’ నొక్కి ఒక్కో మాటను కథంతా సరిచూడండి. ఇరవై మాటలకు అరగంట పని.

అర్థాల విషయంలో జర పొదుపు పాటించాలి. పత్రిక చదివేవాళ్లు ఒకరు విజయవాడలో ఉంటారు, ఒకరు డాలస్‌లో ఉంటారు. అందుకని ప్రతి మాట పక్కన బ్రాకెట్ పెడితే కథ నిఘంటువులా తయారవుతుంది. ‘కచ్చురానికి ఎడ్లు కట్టిండు’ అంటే అది బండి అని ఎవరికైనా తెలుస్తుంది. సందర్భం నుంచి బొత్తిగా అందని నాలుగైదు మాటలకే చివర అర్థాలు ఇవ్వండి.

ఫైలు

చేత్తో రాసుకుని డీటీపీ సెంటర్‌లో టైప్ చేయించేవాళ్లు ముందే ఒక మాట చెప్పాలి: ‘యూనికోడ్‌లో కావాలి.’ ఏ కంప్యూటర్‌లో, ఏ ఫోన్‌లో తెరిచినా తెలుగుగానే కనిపించే పద్ధతి అది. పెళ్లిపత్రికలు, కరపత్రాలు ఎక్కువగా అను ఫాంట్లలో కొడుతుంటారు. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం బొమ్మ మాత్రమే తెలుగు, లోపల దాగి ఉన్నది ఇంగ్లీషు గుర్తులు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే చుక్కలు, టోపీలు ఉన్న పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి. పరీక్ష తేలిక. ఫైల్లోంచి రెండు వాక్యాలు కాపీ చేసి మీకు మీరే మెయిల్ పంపుకుని ఫోన్‌లో తెరవండి. తెలుగు కనిపిస్తే యూనికోడే. అను నుంచి యూనికోడ్‌కు మార్చే సాధనాలున్నాయి గానీ, మార్చాక వత్తులు, గుణింతాలు అక్కడక్కడ చెదురుతాయి. మొత్తం ఒకసారి చదవకుండా పంపొద్దు.

ఫోన్‌లో టైప్ చేసేవాళ్లకు గూగుల్ వారి కీబోర్డ్ యాప్ జీబోర్డ్ చాలు. కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టాలంటే ‘లేఖిని’ అనే సైటు ఉంది. యాసలో రాసేటప్పుడు ఫోన్ సెట్టింగుల్లో ఆటో కరెక్షన్ ఆపెయ్యండి. లేకపోతే మీరు కొట్టిన ‘పోయిండు’ను అది ‘పోయింది’గా మార్చి ఊరుకుంటుంది, మీ కథలో తాత కాస్తా అవ్వ అవుతాడు. నోటితో చెప్పి రాయించే సౌకర్యం కూడా యాసను బడిపలుకులకు లాగుతుంది, పైగా విరామచిహ్నాలు పడవు.

పంపేముందు కింది తప్పులు వెతకండి. ఇవి చూడ్డానికి చిన్నవే గానీ సంపాదకుల చేతికి చాలా పని పెడతాయి:

- ‘దుఃఖం’లో విసర్గ బదులు కోలన్ పడటం.
- సున్న బదులు తెలుగు అంకె సున్నా పడటం. కంటికి రెండూ ఒకటే, వెతుకులాటలో మాత్రం ఆ మాట దొరకదు.
- ‘ఫేస్‌బుక్’ అని ఉండాల్సింది ‘ఫేస్బుక్’ కావడం. పొల్లు తర్వాత కనిపించని విడదీత గుర్తు పడితేనే అక్షరం విడిగా నిలుస్తుంది.
- ఫుల్‌స్టాప్‌కు ముందు ఖాళీ. ఫోన్ తెర మీద ఆ చుక్క ఒక్కటే కింది వరుసలోకి జారిపోతుంది.

వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా రాసుకున్న కథను అన్ని మెసేజ్‌లూ కలిపి కాపీ చేస్తే ప్రతి ముక్క ముందు తేదీ, సమయం, పేరు కూడా వచ్చి కూర్చుంటాయి. అవి తీసెయ్యాలి.

పీడీఎఫ్ ఒక్కటే పంపొద్దు. దాంట్లోంచి తెలుగు కాపీ చేస్తే అక్షరాలు విరిగిపోతాయి, సంపాదకులు మళ్లీ టైప్ చేసుకోవాల్సి వస్తుంది. వర్డ్ ఫైలు పంపండి. కవితకు మాత్రం వర్డ్‌తో పాటు పీడీఎఫ్ కూడా జతచెయ్యండి, పాదాలు ఎక్కడ విరగాలో చూపడానికి. పొడుగు పాదాలు ఫోన్ తెర మీద వాటంతటవే విరుగుతాయి, అతికించేటప్పుడు ఖండికల మధ్య ఖాళీలు కలిసిపోతాయి. మెయిల్‌లో ‘28 పాదాలు, 5 ఖండికలు’ అని ఒక్క ముక్క రాస్తే ప్రచురించేవాళ్లు లెక్క చూసుకుంటారు.

ఫైలు పేరు ‘కథ ఫైనల్ కొత్తది 2’ అని కాకుండా కథ పేరు, మీ పేరు ఉండేలా పెట్టండి.

మెయిల్ ఎంత ఉండాలి

విషయం గడిలో ‘కథ – శీర్షిక – మీ పేరు’. లోపల ఇంత చాలు:

‘సంపాదకులకు నమస్కారం. “…” అనే కథ పంపుతున్నాను. 2,100 మాటలు. ఇది నా సొంత రచన. ఇంతకుముందు ఎక్కడా ప్రచురితం కాలేదు, మరే పత్రిక పరిశీలనలోనూ లేదు. ఊరు: పరకాల. కథ భూపాలపల్లి వైపు యాసలో ఉంది, అక్షరరూపాలు ఉద్దేశపూర్వకంగా వాడినవే. ఫోన్ నంబరు కింద ఇస్తున్నాను.’

యాస గురించిన ఆ ఒక్క వాక్యం మర్చిపోవద్దు. దిద్దేవాళ్ల చెయ్యిని ఆపేది అదే. బడిలో వచ్చిన బహుమతులు, సన్మానాల జాబితా, కథ సారాంశం, కథలోని నీతి ఇవేవీ రాయొద్దు. కొన్ని పత్రికల్లో రచయిత పేరు తీసేసి పరిశీలకులకు పంపుతారు. సూచనల్లో ఆ మాట కనిపిస్తే వర్డ్ ఫైలు లోపల ఎక్కడా మీ పేరు, ఊరు ఉండకూడదు, మెయిల్‌లోనే ఉండాలి.

‘ఎక్కడా ప్రచురితం కాలేదు’ అంటే

ఫేస్‌బుక్ గోడ మీద పెట్టినా చాలా పత్రికలు ప్రచురితమైనట్టే లెక్కిస్తాయి. నలుగురు దోస్తులకు చదవమని పంపిన ఫైలు అలా లెక్కకు రాదు. సందేహం ఉంటే పెట్టిన సంగతి మెయిల్‌లో చెప్పేయండి, తర్వాత బయటపడటం కన్నా అదే మేలు.

ఇతరుల పాదాలు కథ మొదట్లో పెట్టుకునే అలవాటున్నవాళ్లు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లు హక్కులు ఉంటాయి, మరుసటి ఏడాది మొదటి నుంచి లెక్క. కవి దాశరథి 1987లో కన్నుమూశారు, అంటే ఆయన రచనలకు 2047 చివరిదాకా. అనువాదానికి కూడా ఇదే లెక్క. ఉర్దూ కథనో హిందీ కథనో తెలుగు చేస్తే మూల రచయిత లేదా వారసుల అనుమతి రాతలో తీసుకుని మెయిల్‌కు జతచెయ్యాలి. మన దగ్గర ఉర్దూ బాగా వచ్చినవాళ్లకు ఇది మంచి దారి, అనువాదకులు ఎక్కువమంది లేరు కూడా.

మీ కథ హక్కులు మీవే. రాతపూర్వకంగా రాసిస్తే తప్ప పత్రికకు పోవు. రాసిచ్చిన కాగితంలో గడువు లేకపోతే ఐదేళ్లు, ప్రాంతం లేకపోతే భారతదేశం వరకే అని అదే చట్టంలోని 19వ సెక్షన్ చెబుతోంది. తర్వాత పుస్తకం వేసుకునే ఆలోచన ఉంటే ‘సర్వహక్కులు’ అన్న మాట కనిపించిన చోట సంతకం పెట్టకముందే అడగండి.

తెలుగు వెబ్ పత్రికలు చాలావరకు పారితోషికం ఇవ్వవు, అట్లని రచయిత దగ్గర డబ్బులూ అడగవు. ‘సంకలనంలో మీ కవిత వేస్తాం, 500 పంపండి, ప్రశంసాపత్రం ఇస్తాం’ అని ఫోన్‌కు వచ్చేవి పత్రికలు కావు. అక్కడ పుస్తకం కొనేవాళ్లు కూడా మీరే.

పంపాక

సూచనల్లో గడువు రాసి ఉంటే అన్ని రోజులూ ఆగండి. లేకపోతే 45 రోజులు ఆగి ఒక్క వాక్యం రాయండి: ‘ఫలానా తేదీన పంపిన కథ పరిశీలనలో ఉందా?’ ఇంకో రెండు వారాలకూ జవాబు లేకపోతే ‘కథను వెనక్కి తీసుకుంటున్నాను’ అని మెయిల్ పెట్టి, అప్పుడే ఇంకో పత్రికకు పంపాలి. ఒకే కథ రెండు చోట్ల ఒకే నెలలో వచ్చిందంటే రెండు తలుపులూ మూసుకుంటాయి, తెలుగు పత్రికల లోకం అంత చిన్నది.

దిద్దుబాట్లతో కథ తిరిగొస్తే అది తిరస్కరణ కాదు. వర్డ్‌లో మార్పులు ఎర్రగా కనిపిస్తాయి, ఒక్కోదాన్ని ఒప్పుకోవచ్చు, కాదనొచ్చు. పొడుగు తగ్గించమంటే తగ్గించి చూడండి, చాలాసార్లు వాళ్లదే రైటు. ‘పోతాండు’ను ‘వెళ్తున్నాడు’ చేస్తే మాత్రం మీ అక్షరపట్టిక జతచేసి, ఏ మాట ఎందుకు ఉండాలో మర్యాదగా రాయండి. కారణం చెబితే వినే సంపాదకులే ఎక్కువ.

సెప్టెంబర్ 9 కాళోజీ పుట్టినరోజు, తెలంగాణ భాషా దినోత్సవం. ఆ నెల సంచికలో భాష గురించిన వ్యాసాలకు చోటు దొరికే అవకాశం ఉంటుంది, పోయినేడాది, అంతకుముందేడాది సెప్టెంబర్ సంచికలు తెరిస్తే ఆ పత్రికకు ఆ అలవాటు ఉందో లేదో తెలుస్తుంది. సంచిక నెల మొదటి తారీఖున వచ్చే చోటికి ఆగస్టు చివర్లో పంపితే ఆలస్యమైపోతుంది, జూలై ఆఖరుకల్లా చేరాలి.

కథ వచ్చిన రోజే ఆ పేజీని పీడీఎఫ్‌గా దాచుకుని, ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఆ చిరునామా అతికించి ‘సేవ్’ నొక్కండి. పత్రిక ఆగిపోయి సైటు మూతపడినా ఆ ప్రతి అక్కడ దొరుకుతుంది. మూతపడ్డ పాత పత్రికల సంచికలు చదవాలన్నా అదే పెట్టెలో చిరునామా కొట్టి, క్యాలెండర్‌లో గుర్తు పడిన తేదీ మీద నొక్కితే చాలు.